వుజూకు ముందు నీరు: నల్గొండ జిల్లా బడిపిల్లల ఆరోగ్య శిక్షణపై ఒక చారిత్రక పరిశీలన

పోచంపల్లి అనగానే పాఠకులకు రెండు విషయాలు స్ఫురిస్తాయి. ఒకటి, 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఎదుట వెదిరె రామచంద్రారెడ్డి నూరు ఎకరాల భూమిని దానంగా ప్రకటించడం. భూదానోద్యమం అక్కడ మొదలైనందువల్లనే ఆ ఊరు భూదాన్ పోచంపల్లి అయింది. రెండవది, నూలుకు చిటికి కట్టి, రంగులు అద్ది నేసే చీరలు. ఈ వ్యాసం ఆ రెండింటిని గురించి కాదు. అయినా నేతపని దగ్గర నుంచే మొదలుపెట్టడం సముచితంగా ఉంటుంది.

నూలు ఉడకబెట్టడం మొదలుకొని రంగు వేసి, జాడించి, ఆరవేసే వరకు ఆ పనిలో అడుగడుగునా నీటి అవసరం ఉన్నది. ఉప్పు ఎక్కువైన నీటిలో రంగు సరిగా పట్టదు. అందుచేత అనుభవజ్ఞుడైన పనివాడు రంగు కలపడానికి ముందే నీరు ఎట్టిదో చూసుకుంటాడు. రంగు చెడితే తప్పును నూలు మీద మోపడు.

పిల్లలకు ఆరోగ్యకరమైన అలవాట్లు నేర్పే విషయంలో ఈపాటి జాగ్రత్త మనం చాలాకాలం పాటించలేదు. ఉదయం ప్రార్థన ముగియగానే వరుసగా నిలబడిన పిల్లల గోళ్ళు, తల, బట్టలు, పండ్లు ఉపాధ్యాయుడు చూడడం మన ప్రాథమిక పాఠశాలల్లో పాత ఆచారం. అది మంచి ఆచారమే. గోళ్ళు పెరిగిన పిల్లవాడు మరునాడు తీయించుకొని వస్తాడు. తలలో పేలున్న పిల్ల తల్లిచేత దువ్వించుకొని వస్తుంది. కాని నల్గొండ జిల్లా పడమటి గ్రామాల్లో పండ్ల దగ్గరకు వచ్చేసరికి ఈ పరీక్ష దారి తప్పింది. పసుపుపచ్చని మచ్చలు, గోధుమరంగు చారలు ఉన్న పండ్లను చూసి, "పండ్లు తోముకోలేదా?" అని అడిగితే పిల్లవాడు ఏమి జవాబు చెప్పగలడు? వేపపుల్లతో తోమినా, బొగ్గుతో తోమినా, పండ్లపొడితో తోమినా ఆ చార పోదు. అది పంటి పైన పట్టిన గార కాదు. పన్ను చిగురు లోపల రూపొందుతున్నప్పుడే, త్రాగిన నీటిలోని ఫ్లోరైడ్ దానిమీద వదిలిన గుర్తు.

తోమనందుకు మందలింపు పొందిన ఆ పిల్లవాడు నిజానికి ఏ తప్పూ చేయలేదు. తప్పు నీటిలో ఉన్నది. ఆ నీటిని పరీక్షించని పెద్దలలో ఉన్నది. అలవాటు నేర్పేవారు ముందుగా ఆ అలవాటుకు ఆధారమైన వస్తువును పరిశీలించాలన్నదే ఈ వ్యాసంలో చెప్పదలచిన విషయం. ఇది మనకు కొత్త సూత్రం కాదు. మన పూర్వుల గ్రంథాలు ఈ వరుసలోనే వ్రాయబడి ఉన్నాయి.

గ్రంథాల్లోని వరుస

హదీసు, ఫిఖ్హ్ గ్రంథాలు చాలావరకు తహారత్, అంటే పరిశుభ్రత, అన్న ప్రకరణంతో ప్రారంభమవుతాయి. హాఫిజ్ ఇబ్నె హజర్ అస్ఖలానీ (రహ్మ) సంకలనం చేసిన 'బులూగుల్ మరామ్' మన మదరసాలలో నేటికీ చదవబడుతున్న గ్రంథం. అందులోని మొదటి అధ్యాయం నీళ్ళను గురించినది. రెండవది పాత్రలను గురించినది. మలినాన్ని ఎట్లా తొలగించాలో ఆ తరువాత వస్తుంది. వుజూ చేసే విధానం అటు పిమ్మట గాని రాదు. ఈ వరుసలో ఒక వివేకం ఉన్నది. ఎట్లా కడుక్కోవాలో చెప్పడానికి ముందు, దేనితో కడుక్కోవాలో తేల్చుకోవాలి.

నీరు శుద్ధమైనదా కాదా అని నిర్ణయించడానికి ఫుఖహాలు మూడు గుర్తులు చెప్పారు: రంగు, రుచి, వాసన. మలినం కలిసినందువల్ల ఈ మూడింటిలో ఏ ఒక్కటి మారినా ఆ నీరు పనికిరాదు. వుజూ విషయంలో ఈ కొలమానం నేటికీ చాలును. కాని త్రాగే నీటి విషయంలో ఇంకొక మెట్టు ఎక్కవలసి ఉన్నది. ఫ్లోరైడ్ కలిసిన నీటికి రంగు లేదు, వాసన లేదు. సాధారణంగా రుచిలోనూ తేడా తెలియదు. వుజూకు నిస్సందేహంగా పనికివచ్చే ఆ నీరే పిల్లవాని ఎముకలకు విషం కావచ్చును. ఈ భేదాన్ని మన ఇమాములు, ఉపాధ్యాయులు, తల్లులు స్పష్టంగా తెలుసుకోవడం అవసరం.

నీటిని కాపాడే అలవాట్లను దైవప్రవక్త (స) స్వయంగా బోధించారు. నిలువనీటిలో మూత్రవిసర్జన చేయరాదన్నారు. నిద్ర లేచినవాడు చేతులు కడుక్కోనిదే నీటిపాత్రలో చేయి ముంచరాదన్నారు. త్రాగే పాత్రలోకి ఊపిరి వదలరాదని, రాత్రివేళ పాత్రలపై మూతలు పెట్టాలని చెప్పారు. సమాజానికి కష్టమవుతుందన్న శంక లేకపోతే ప్రతి నమాజు వేళా మిస్వాక్‌ను విధిగా చేసి ఉండేవారమని కూడా తెలిపారు.

పిల్లలకు ఎట్లా చెప్పాలన్నది కూడా ఆయన ఆచరణలోనే కనిపిస్తుంది. ఉమ్ముల్ మూమినీన్ ఉమ్మె సలమా (రజి) గారి కుమారుడు ఉమర్ ఇబ్నె అబీ సలమా (రజి) ఆయన పోషణలో పెరిగిన బాలుడు. భోజనం చేసేటప్పుడు ఆ బాలుని చేయి పళ్ళెమంతా తిరిగేది. దైవప్రవక్త (స) ఆ బాలుని కోపగించలేదు. దైవనామం తలచుకోవడం, కుడిచేత్తో తినడం, తన ముందున్నది తినడం అనే మూడు సంగతులు దగ్గర కూర్చోబెట్టుకొని నేర్పారు. ఆనాటి నుంచి తాను తినే పద్ధతి అదేనని ఆయన పెద్దయిన తరువాత చెప్పుకున్నారు. ఒక్కసారి ప్రేమతో చెప్పిన మాట జీవితాంతం అలవాటుగా నిలిచిపోయింది.

మక్తబులలో ఆరోగ్యం

తరువాతి శతాబ్దాల ముస్లిం విద్వాంసులు ఈ విషయాన్ని ప్రత్యేక శాస్త్రంగానే భావించారు. ఉత్తర ఆఫ్రికాలోని ఖైరవాన్ నగరంలో 9వ శతాబ్దంలో జీవించిన ఇబ్నె సహ్నూన్, ఉపాధ్యాయుల కర్తవ్యాలపై ఒక గ్రంథం వ్రాశారు. పిల్లలు పలకలు తుడుచుకోవడానికి ఒక తొట్టి ఉండేదని, రోజుకొకరు చొప్పున వంతులవారీగా శుభ్రమైన నీరు తెచ్చి అందులో పోసేవారని, పలకలు కడిగిన నీటిని గుంట తీసి అందులో పోసేవారని పూర్వుల ఆచారంగా అందులో చెప్పబడింది. మంచి నీరు తేవడం, వాడిన నీటిని తగిన చోట పోయడం రెండూ ఆ మక్తబులో పిల్లలకు నిత్యపాఠాలే. అదే నగరానికి చెందిన వైద్యుడు ఇబ్నుల్ జజ్జార్ 10వ శతాబ్దంలో శిశుపోషణపై ప్రత్యేకంగా ఒక గ్రంథం రచించారు.

ఇబ్నె సీనా (980-1037) తన 'అల్ ఖానూన్'లో, పిల్లవాడు నిద్ర లేవగానే స్నానం, తరువాత కొంతసేపు ఆట, పిమ్మట కొద్దిగా ఆహారం, మళ్ళీ ఆట, మళ్ళీ స్నానం, ఆ తరువాత భోజనం అని దినచర్యను వివరించారు. ఆరేళ్ళ వయస్సులో గురువుకు అప్పగించాలని, అయితే ఒక్కసారిగా పుస్తకానికి కట్టివేయరాదని హెచ్చరించారు. ఇమామ్ గజాలీ (1058-1111) పిల్లలకు నడక, వ్యాయామం ఉండాలని, మక్తబు విడిచాక ఆడుకోనివ్వకపోతే మనస్సు మొద్దుబారుతుందని వ్రాశారు. తెలియక పిల్లవాడు ఏదైనా తప్పు చేస్తే మొదటిసారి చూసీ చూడనట్లుండాలని, మళ్ళీ చేస్తే ఏకాంతంలో మందలించాలని, నలుగురిలో బయట పెట్టరాదని కూడా ఆయన చెప్పారు. పండ్ల పరీక్షలో పదిమంది ముందు సిగ్గుపడి పెదవులు బిగించుకున్న నల్గొండ పిల్లవానికి ఈ ఒక్క మాట అమలైనా ఎంతో ఊరట లభించి ఉండేది.

చార వెనుక కథ

భారతదేశంలో బడిపిల్లలకు వైద్య పరీక్షలు 1909లో బరోడా నగరంలో ప్రారంభమైనాయి. స్వాతంత్ర్యానికి ముందు 1946లో వచ్చిన భోర్ కమిటీ నివేదిక కూడా పాఠశాల ఆరోగ్య సేవల ఆవశ్యకతను చర్చించింది. హైదరాబాదు సంస్థానంలో 1908 నాటి మూసీ వరద తరువాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు నిర్మించబడి, రాజధాని ప్రజలకు కొళాయి నీరు లభించింది. మూసీకి దిగువన ఉన్న నల్గొండ గ్రామాలు మాత్రం రాతినేలలో తవ్వుకున్న బావుల మీదనే ఆధారపడినాయి. ఈ రాయి చాలాచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న గ్రానైటు. వర్షం తక్కువ. నీరు ఏళ్ళ తరబడి ఆ రాతిలో నిలిచి, అందులోని ఫ్లోరైడ్‌ను కరిగించుకొని పైకి వస్తుంది.

పంటి చారకు నీరే కారణమని ప్రపంచానికి తెలియడానికి చాలాకాలం పట్టింది. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌కు 1901లో వచ్చిన ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు అక్కడి పిల్లల పండ్లపై గోధుమరంగు చారలు చూసి ఆశ్చర్యపోయాడు. 1923లో ఐడహో రాష్ట్రంలోని ఓక్లీ అనే చిన్న ఊరి నుంచి పిలుపు వచ్చింది. అయిదు మైళ్ళ దూరంలోని వేడి ఊట నుంచి ఊరికి గొట్టం వేసిన తరువాతనే తమ పిల్లల పండ్లు ఇట్లా అయినాయని అక్కడి తల్లులు చెప్పారు. నీటిని పరీక్షిస్తే ఆనాటి సాధనాలకు ఏమీ కనిపించలేదు. అయినా మెకే తల్లుల మాటనే నమ్మి ఆ నీటిని మానివేయమన్నాడు. ఊరు ఇంకొక ఊటకు మారింది. కొన్నేళ్ళకు చిన్నపిల్లలకు వచ్చిన కొత్త పండ్లు మచ్చ లేకుండా ఉన్నాయి. ఆ నీటిలోని పదార్థం ఫ్లోరైడ్ అని 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు తేల్చాడు. శాస్త్రం కంటె ఎనిమిదేళ్ళు ముందుగా తల్లులు గ్రహించిన సత్యమిది.

మన తెలుగునాట ఈ వ్యాధిని 1937లో నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో గుర్తించారు. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు ఆనాడు ఆ జిల్లాలోనివే. హైదరాబాదు సంస్థానంలోని ఫ్లోరోసిస్‌ను గురించి దావర్ అనే వైద్యుడు 1945లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో వ్రాశాడు. 1955లో డాక్టర్ ఎ. హెచ్. సిద్దిఖీ నల్గొండ జిల్లా ఫ్లోరోసిస్‌పై సవివరమైన వ్యాసాన్ని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. వెన్నెముక బిగుసుకుపోయి మెడ తిప్పలేని, నడుము వంచలేని మనుషుల సంగతి ఆ విధంగా ప్రపంచ వైద్యలోకానికి తెలిసింది. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి, ఫ్లోరోసిస్ ప్రాంతంలోని యువకులలో మోకాళ్ళు లోపలికి వంగిపోవడాన్ని లాన్సెట్ పత్రికలో వివరించారు.

మునుగోడు, మర్రిగూడ, చండూరు, నారాయణపురం, చౌటుప్పల్ ప్రాంతాల పేర్లు ఈ వ్యాధితో ముడిపడిపోయినాయి. చివరి రెండూ పోచంపల్లికి పొరుగు ప్రాంతాలే.

ఇక్కడ వయస్సు సంగతి ముఖ్యమైనది. జ్ఞానదంతాలు తప్ప మిగిలిన శాశ్వత దంతాలపై ఉండే పింగాణీ పొర పుట్టినప్పటి నుంచి సుమారు ఎనిమిదేళ్ళ లోపు చిగుళ్ళ లోపలే తయారవుతుంది. పిల్లలకు ఏడేళ్ళు రాగానే నమాజు నేర్పాలని మనకు ఆదేశం ఉన్నది. ఆ వయస్సులో పిల్లవాడు మొదటిసారి మిస్వాక్ పట్టుకొని వుజూకు కూర్చునేనాటికి పండ్ల విషయంలో జరగవలసిన మేలైనా కీడైనా దాదాపు జరిగిపోయి ఉంటుంది. కనుక ఫ్లోరైడ్ పాఠం పిల్లవానికి చెప్పవలసినది కాదు. పిల్లవాడు పుట్టకముందే తల్లిదండ్రులకు, గ్రామపెద్దలకు చెప్పవలసినది.

ఒక పాఠం వెనుక ఇంకొక ప్రమాదం

ఈ చరిత్రలో ఇంకొక విషయం కూడా నేర్చుకోదగినది. మెట్ల బావులు, దిగుడు బావుల నీటి ద్వారా నారికురుపు వ్యాపించేది. ఆ నీటిలోని సన్నని జీవులను గుడ్డతో వడపోసి త్రాగాలని, పుండు ఉన్నవారు బావిలో దిగరాదని ప్రచారం జరిగింది. 1983-84లో దేశవ్యాప్త నిర్మూలన కార్యక్రమం మొదలైంది. చివరి కేసు 1996లో రాజస్థాన్‌లో నమోదై, 2000 ఫిబ్రవరిలో భారతదేశం ఈ వ్యాధి నుంచి విముక్తమైనట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. మందు గాని, టీకా గాని లేని ఒక వ్యాధి కేవలం నీటి శ్రద్ధ వల్ల, అలవాటు మార్పు వల్ల అంతరించింది. ఆరోగ్య బోధన ఎంత పని చేయగలదో చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ లేదు.

అయితే బావినీరు మాని చేతిపంపు నీరు త్రాగాలన్న అదే బోధన ఫ్లోరైడ్ నేలల్లో ఇంకొక ఫలితాన్ని ఇచ్చింది. లోతైన బోరు నీటిలో రోగక్రిములు ఉండవు. కాని రాతిలోని ఫ్లోరైడ్ ఉండవచ్చును. కలరా నుంచి, నారికురుపు నుంచి కాపాడిన చేతిపంపే చాలా గ్రామాల్లో ఎముకల వ్యాధికి ద్వారం తెరిచింది. నీటిని మరగబెడితే క్రిములు చస్తాయి; ఫ్లోరైడ్ మాత్రం పోదు, నీరు ఆవిరైన కొద్దీ దాని సాంద్రత పెరుగుతుంది. ఒక ప్రాంతానికి చెప్పిన మంచి పాఠాన్ని నేల సంగతి చూడకుండా మరొక ప్రాంతానికి అప్పగించరాదన్నది ఇందులోని నీతి.

పరిహార మార్గాలు

నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970లలో ఒక సులభమైన పద్ధతిని రూపొందించింది. నీటిలో సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక తగిన మోతాదులో కలిపి, కొంతసేపు మెల్లగా తిప్పి, మడ్డి అడుగున చేరేదాకా కదల్చకుండా ఉంచి, పైనీటిని వడపోసుకోవాలి. దీనికి 'నల్గొండ పద్ధతి' అన్న పేరే స్థిరపడి, టాంజానియా వంటి దూరదేశాల వరకు వెళ్ళింది. కాని ప్రతిరోజూ మోతాదు సరిచూసి కలపడం, మడ్డిని పారవేయడం ఇంటింటా సాగే పని కాలేదు. ఒక జిల్లా పేరు ప్రపంచానికి పరిహార మార్గంగా తెలిసినా, ఆ జిల్లా పిల్లలు చాలామంది అదే నీరు త్రాగుతూ పెరిగారు.

శాశ్వత పరిష్కారం నదీజలమే. తెలంగాణ ఏర్పడిన తరువాత 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో తాగునీటి పథకానికి పైలాన్ ఆవిష్కరించబడింది. మిషన్ భగీరథ పేరుతో 2016 నుంచి నదీజలాలు గ్రామాలకు అందసాగినాయి. తెలంగాణలో ఫ్లోరైడ్ బాధిత నివాస ప్రాంతాలు మిగలలేదని 2020లో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. ఇది సంతోషించదగిన మార్పు. అయినా పూర్వం వంగిన ఎముకలు నిటారు కావు. నల్లా రాని రోజున, పొలం పనుల వేళ బోరునీరు త్రాగే అవసరం ఇంకా వస్తూనే ఉంటుంది. లీటరు త్రాగునీటిలో ఫ్లోరైడ్ ఒక మిల్లిగ్రాముకు మించరాదని, వేరే ఆధారం లేనప్పుడు ఒకటిన్నర మిల్లిగ్రాముల వరకు అనుమతించవచ్చునని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. తమ బోరులో అది ఎంత ఉన్నదో ఊరివారికి తెలిసి ఉండాలి.

ఆహారం విషయంలోనూ కొంత మేలు చేయవచ్చును. పాలు, రాగులు, ఆకుకూరల ద్వారా సున్నపు ధాతువు, ఉసిరి, జామల ద్వారా సి విటమిన్ అందే పిల్లలు ఫ్లోరైడ్‌ను కొంత మెరుగుగా తట్టుకోగలరు. జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు బడిపిల్లలకు రోజూ చింతపండు ఇచ్చి చూడగా, మూత్రం ద్వారా బయటకు పోయే ఫ్లోరైడ్ పెరిగినట్లు 2002లో ప్రకటించారు. మన ఇళ్ళలో నిత్యం కాచుకునే పులుసుకు ఇట్టి గుణం ఉండడం విశేషం. అయితే ఇది సహాయకారి మాత్రమే. చెడు నీటికి విరుగుడు అని భ్రమపడరాదు.

నేటి బడిలో ఏమి నేర్పాలి?

2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు పోచంపల్లి యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరింది. హైదరాబాదు మురుగును మోసుకొని వచ్చే మూసీ ఆ మండలం మీదుగానే పోతున్నది. ఇంటింటా రంగుల పని ఉన్నది. అటువంటి ఊరి ప్రాథమిక పాఠశాలలో ఆరోగ్యపాఠం పుస్తకంలో ఉన్నది చదివించడంతో ముగియరాదు. ఆ ఊరి నీరు, ఆ ఊరి పని పాఠంలోకి రావాలి.

మొదటిది, చేతుల సంగతి. రంగులు, కాస్టిక్ సోడా, హైడ్రోస్ ఉన్నచోట చిన్నపిల్లలను ఆడనీయరాదు. రంగు నూలు ముట్టిన చేతిని సబ్బుతో కడగనిదే అన్నం ముట్టరాదు. రంగు కలిపిన గిన్నె ఎంత కడిగినా వంటింట్లోకి రారాదు. మధ్యాహ్న భోజనానికి ముందు పిల్లలందరూ వరుసగా చేతులు కడుక్కునే సమయం ఈ పాఠానికి అనువైనది. అందుకు బడిలో నల్లా, సబ్బు ఉండాలి. అవి సమకూర్చకుండా చేతులు కడుక్కోమని చెప్పడం పిల్లలను పరిహసించడమే.

రెండవది, పండ్ల పరీక్ష. ఇది చేయాలి, కాని ఒక్కొక్కరిని ప్రక్కకు పిలిచి చేయాలి. రెండు వైపులా ఒకే తీరుగా ఉన్న మచ్చలు, అడ్డచారలు కనిపిస్తే పిల్లవానిని మందలించరాదు. ఆ ఇంటివారు ఏ నీరు త్రాగుతున్నారో, ఎన్నాళ్ళుగా త్రాగుతున్నారో వ్రాసుకొని ఆరోగ్య కేంద్రానికి తెలియజేయాలి. ఒకే వాడలోని నలుగురు పిల్లలకు అట్టి చారలుంటే అది ఆ వాడ బోరు గురించి చెప్పే సాక్ష్యం. ఓక్లీ తల్లుల వలెనే మన తల్లులు చెప్పే మాటను కూడా శ్రద్ధగా వినాలి.

మూడవది, నీటి వంతు. ఖైరవాన్ మక్తబులో వలె రోజుకొక పిల్లవాడు బడి నీటిపాత్ర కడగడం, మూత పెట్టడం, ముంచే గ్లాసు వేరుగా ఉంచడం చూసుకోవాలి. ఏడాదికొకసారి బడి నీటిని పరీక్షకు పంపి, వచ్చిన ఫలితాన్ని గోడమీద తెలుగులోను ఉర్దూలోను వ్రాయించాలి. అక్షరాలు వచ్చిన పిల్లవాడు దానిని చదివి ఇంట్లో చెబుతాడు.

మన మసీదు కమిటీలకు, మక్తబు నిర్వాహకులకు కూడా ఇందులో పాత్ర ఉన్నది. వుజూఖానాకు బోరునీరు చాలును. కాని ఆ ప్రక్కనే పిల్లలు త్రాగడానికి వేరే నల్లా ఉండాలి. అది పరీక్షించిన నీటిదై ఉండాలి. సఅద్ ఇబ్నె ఉబాదా (రజి) చనిపోయిన తన తల్లి పేరిట ఏ దానం ఉత్తమమైనదని అడిగినప్పుడు దైవప్రవక్త (స) నీరు అని చెప్పారు. ఆయన ఒక బావి తవ్వించారు. మదీనాలో రూమా బావిని హజ్రత్ ఉస్మాన్ (రజి) కొని అందరికీ వదిలివేశారు. నల్గొండ నేలలో నేడు ఆ సున్నత్‌ను కొనసాగించదలచినవారు బోరు వేయించడంతో ఆగరాదు. ఆ నీటిని పరీక్ష చేయించి, మంచిదని తేలిన తరువాతనే దానంగా ఇవ్వాలి.

పోచంపల్లిలో ఒకనాడు భూమి లేనివారు భూమి కావాలని నోరు తెరిచి అడిగారు. చార పడిన పండ్ల పిల్లవాడు తనకేమి కావాలో అడగలేడు. తన పండ్లు అట్లా ఎందుకున్నాయో కూడా అతనికి తెలియదు. పండ్లు తోముకోలేదా అని అతనిని అడగడానికి ముందు, అతనికి మనం ఏ నీరు ఇచ్చామో మనలను మనం అడుగుకోవలసి ఉన్నది.